రోడ్డు గుంటయు, నష్టపరిహారమును

బాటయొక్క విలువ అది చెడినప్పుడుగాని మనకు తెలియదు. రోడ్డులో గుంట పడినయెడల దానిని పూడ్చవలసినవా రెవరు? పూడ్చకమునుపే అందులో బండి విరిగినను, మనిషి పడినను, ఆ నష్టమును భరింపవలసినవా రెవరు? ఈ ప్రశ్నలు చూచుటకు చిన్నవి. కాని ఇంగ్లండుదేశమున వీనికి సమాధానము కుదురుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది. ఆ చరిత్రమును, అచ్చటి నేటి పద్ధతిని మా విద్యార్థులకొరకు ఇచ్చట సంగ్రహముగా వివరింపదలచితిమి.

1. గుంట పుట్టుక

తారురోడ్డు పైకి ఒకే పలకవలె కనబడును. దానిక్రింద కంకరపొరలు కలవు. ఎండచేతను, బండ్ల బరువుచేతను పైపొర బీటలువారును. ఆ బీటలగుండ నీరు లోపలికి దిగును. చలిదేశములలో ఆ నీరు రాత్రివేళ గడ్డకట్టును. నీరు మంచుగడ్డ యగునప్పుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగునుగాన బీట మరింత విచ్చును. మంచు కరగిన పిమ్మట ఆ చోటు డొల్లయగును. చక్రము పడగానే పైపొర క్రుంగును. అందుచేతనే ఇంగ్లండులో శీతకాలము గడచునప్పటికి గుంటలు మెండుగా కనబడును. మన తెలుగునాట రోడ్లపై మంచు గడ్డకట్టదు గాని, నిలిచిన వాననీరు క్రిందిమట్టిని మెత్తపరచి అదే పని చేయుచున్నది. కావున ప్రక్కకాలువలను బాగుగా నుంచుట గుంటలు పూడ్చుటకంటె ముందు చేయదగిన కార్యము.

2. పూర్వపు న్యాయము

ఇంగ్లండులో 1555వ సంవత్సరపు శాసనముచే రోడ్ల మరామతు గ్రామప్రజలపై మోపబడెను. వారు ఏటికి నాలుగు దినములు కూలి లేక పనిచేయవలసియుండెను. 1563లో అది ఆరు దినము లయ్యెను. 1788లో డెవను అను జిల్లాలో వంతెన బాగుచేయబడనందున ఒకని బండి చెడెను. అతడు ఆ జిల్లా ప్రజలపై దావా తెచ్చెను. జిల్లాకు పరిహార మిచ్చుటకు ఉమ్మడి ధనము లేదనియు, ఇట్టి దావాల నంగీకరించినచో వానికి అంతముండదనియు తలచి న్యాయాధిపతులు దానిని కొట్టివేసిరి.

దీనినుండి ఒక వింత నియమము స్థిరపడెను. అధికారులు రోడ్డును చెడ్డగా బాగుచేసి ప్రమాదము తెచ్చినచో బాధ్యులు. అసలు బాగుచేయక ఊరకున్నచో బాధ్యులు కారు. అనగా పనిచేసినవానికి భయము, చేయనివానికి అభయము! పార్లమెంటు 1961లో శాసనము చేసి ఈ మినహాయింపును తొలగించెను. అది 1964లో అమలులోనికి వచ్చెను. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సుదేశములలో 1980వ సంవత్సరపు రహదారుల చట్టము నడచుచున్నది.

3. నేటి పద్ధతి

నష్టపడినవాడు మొదట ఆ రోడ్డు ఎవరిదో తెలిసికొనవలెను. ఇంగ్లండులో పెద్ద జాతీయరహదారులు వేరొక సంస్థ క్రింద నున్నవి. తక్కిన ప్రజారోడ్లలో హెచ్చుభాగము స్థానిక కౌన్సిళ్లవి. చట్టములోని 41వ విభాగము రోడ్డును బాగుగా నుంచుట వారి విధి యని చెప్పుచున్నది. అర్జీదారుడు మూడు సంగతులు రుజువు పరుపవలెను: రోడ్డు అపాయకరముగా నుండెను, అది మరామతులోపమువలన కలిగెను, ఆ లోపముచేతనే తనకు నష్టము వచ్చెను. ప్రతి చిన్నగతుకును అపాయకరము కాదని 1992లో అప్పీలుకోర్టు తీర్మానించెను. పెక్కు కౌన్సిళ్లు 40 మిల్లీమీటర్ల లోతును కొలతగా పెట్టుకొన్నవి గాని, అది చట్టములో వ్రాసిన సంఖ్య కాదు.

58వ విభాగము కౌన్సిలుకు ఒక ప్రతివాదము నిచ్చుచున్నది. తాము తగినంత జాగ్రత్త వహించితిమని కౌన్సిలువారు రుజువు చేసినయెడల పరిహార మీయ నక్కరలేదు. ఆ రోడ్డుపై ఎంత రాకపోక కలదు, తనిఖీ ఎన్నాళ్లకొకసారి జరుగుచున్నది, గుంట సంగతి వారికి తెలియునా, లేక తెలిసియుండవలసినదా, అని న్యాయస్థానము విచారించును. అయితే ధనము లేదను సాకు చెల్లదు. యార్కు నగరములో ఒక రోడ్డును ఏటికొకసారి మాత్రమే తనిఖీ చేయుచుండగా, సైకిలుపై వచ్చినయొకరు గుంటలో పడి గాయపడిరి. సొమ్ము చాలదని కౌన్సిలువారు చెప్పిన మాటను 2011లో అప్పీలుకోర్టు అంగీకరింపలేదు.

4. ఒక దృష్టాంతము

ఒక వీధిని నెలకొకసారి తనిఖీ చేయుదురనుకొందము. 1వ తేదీన అచ్చట గుంట లేదు. 10వ తేదీన గుంట పడెను. 12వ తేదీన ఒక పాలవాని సైకిలుచక్రము అందులో వంగిపోయెను. తనిఖీ క్రమముగా జరిగినదిగాన అతని అర్జీ నిరాకరింపబడవచ్చును. 13వ తేదీన ఎవరో కౌన్సిలుకు జాబు వ్రాసిరి. కౌన్సిలువారు దానిని దాఖలుచేసికొని, తామే పెట్టుకొన్న గడువు దాటినను గుంటను పూడ్పలేదు. పిమ్మట ఒక వృద్ధురాలు అందులో పడెను. ఇప్పుడు వారి ప్రతివాదము నిలుచుట మిక్కిలి కష్టము. గుంట ఒక్కటే, నడుమ వచ్చిన భేదము ఒక్క జాబు.

పాలవాడు చేసిన తప్పేమి? ఏమియు లేదు. అయినను అతనికి పరిహారము లేదు. ఏలయనగా చట్టము అలక్ష్యమునకు వెల కట్టునుగాని, దురదృష్టమునకు కట్టదు. పరిహారముగా నిచ్చు సొమ్మును ప్రజలు కట్టిన పన్నులనుండియే వచ్చును. ఆ సొమ్ముతోనే గుంటలును పూడ్పవలెను. ఇందు న్యాయ మున్నదని మేము ఒప్పుకొందుము. కాని చక్రము వంగినవానికి ఈ మాట కడుపు నింపదనియు మరువరాదు. 12వ తేదీకి ముందే, ఆ త్రోవను నడచినవారిలో ఒక్కరైన జాబు వ్రాసియుండినచో, ఆ గుంట పూడ్పబడియుండవచ్చును; లేదా పాలవాని అర్జీకి బలము చేకూరియుండవచ్చును.

5. అర్జీదారు డేమి చేయవలెను

స్థలము, తేదీ, వేళ వ్రాసికొనవలెను. బండ్లు రాని వేళ చూచి గుంట ప్రక్క కొలబద్ద పెట్టి ఫోటో తీయవలెను. మరామతు రసీదులు, సాక్షుల పేర్లు భద్రపరుపవలెను. తనిఖీ దాఖలాలను 2000వ సంవత్సరపు సమాచారస్వేచ్ఛాచట్టము ననుసరించి కోరవచ్చును. ఆస్తినష్టమునకు ఆరేండ్లు, శరీరగాయమునకు మూడేండ్లు సాధారణముగా దావాకు గడువు.

6. మనదేశము

మనదేశమునను ఈ విషయము న్యాయస్థానములకు ఎక్కినది. 2019లో మోటారుబండ్ల చట్టమునకు చేర్చిన విభాగమువలన, రోడ్డు నిర్మాణములోను మరామతులోను నిర్ణీతప్రమాణములు పాటింపక, అందుచే మరణముగాని అంగవైకల్యముగాని కలిగించిన అధికారులకు లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు, మహారాష్ట్రములో రోడ్డు గుంటలవలన మరణించినవారి కుటుంబములకు 6 లక్షల రూపాయలును, గాయపడినవారికి గాయమునుబట్టి 50 వేలు మొదలు రెండున్నర లక్షలవరకును ఇయ్యవలెనని తీర్పు చెప్పెను.

బాలబాలికలారా, మీరు బడికి వచ్చు దారిలో గుంట కనబడినయెడల తప్పించుకొని పోవుట తెలివి. దాని తావును తేదీతోకూడ వ్రాసి, పెద్దలచేత మునిసిపాలిటీకిగాని పంచాయతీకిగాని తెలియజేయించి, రసీదు పుచ్చుకొనుట పౌరధర్మము. మీ వెనుక చీకటిలో వచ్చువా రెవరో మీ కెన్నడును తెలియకపోవచ్చును.

ప్రశ్నలు: (1) 1961 శాసనమునకు ముందు ఊరకుండుట అధికారులకు ఏల లాభకరముగా నుండెను? (2) పాలవాని అర్జీకిని, వృద్ధురాలి అర్జీకిని భేదమేమి? (3) మీ వీధిలోని యొక గుంటనుగూర్చి మునిసిపాలిటీకి ఒక జాబు వ్రాయుడు.