ఇంటి లోపల కెమెరా: షరీఅత్ హద్దులు

గల్ఫ్‌లో పనిచేసే కొందరు సోదరులు ఇక్కడి ఇంటి హాల్లో సి.సి. కెమెరా పెట్టించి, భార్య ఎప్పుడు బయటికి వెళ్తోంది, ఇంటికి ఎవరు వస్తున్నారు అన్నది అక్కడి నుండే సెల్‌ఫోన్‌లో చూస్తున్నారు. ‘ఆలుబిడ్డల రక్షణ మగవాడి బాధ్యతే కదా, తప్పేముంది?’ అంటారు. బాధ్యత నిజమే. కాని దాన్ని నెరవేర్చే పద్ధతికీ షరీఅత్ హద్దులు పెట్టింది.

కెమెరా కూడా తాళం లాంటి సాధనమే. గేటు దగ్గర, దుకాణంలో, మంచాన పడిన వృద్ధుల గదిలో, ఆయాకు అప్పగించిన పసిబిడ్డ ఊయల దగ్గర పెట్టుకోవచ్చు. అక్కడ ఉండేవారికి, పనిచేసేవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.

అనుమానంతో పెట్టే కెమెరా సంగతి వేరు. సూరె హుజురాత్ 12వ ఆయత్‌లో అల్లాహ్ మొదట అనుమానాన్ని, తర్వాత కూపీ లాగటాన్ని, ఆ తర్వాత పరోక్షనిందను వారించాడు. ఈ వరుసను గమనించండి. ముందు మనసులో అనుమానం, తర్వాత ఫోన్‌లో చూడటం, ఆపైన చూసింది అమ్మకో అన్నకో చెప్పుకోవటం. ఎన్నో సంసారాలు ఈ మూడు మెట్ల మీదుగానే జారిపోతాయి.

చాలాకాలం దూరంగా ఉన్నవాడు కబురు లేకుండా రాత్రివేళ హఠాత్తుగా ఇంటికి రావటాన్ని దైవప్రవక్త (స) వారించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇల్లాలిని శంకించటానికి, ఆమె లోపాలు పట్టటానికి అది దారితీస్తుందని ఉలమాలు వివరించారు. ఇల్లాలు తల దువ్వుకొని సిద్ధమయ్యే వ్యవధి ఇవ్వాలన్నది కూడా హదీసులోనే ఉంది. ఎంత సున్నితమైన మర్యాద! ఒక్క రాత్రి రాకకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, ఆమెకు తెలియకుండా ఇరవైనాలుగు గంటలూ చూడటాన్ని ఎలా ఒప్పుకుంటుంది?

సూరె నూర్ 58వ ఆయత్ ప్రకారం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత ఇంట్లోని చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగి గదిలోకి రావాలి. కెమెరాకు ఆ మూడు వేళలు తెలియవు. కనుక పడకగదిలో, బట్టలు మార్చుకునే చోట అది ఎవరు ఒప్పుకున్నా తగదు.

పొరుగువారి హక్కు కూడా ఉంది. ఉస్మానియా పాలనలో 1869–76 మధ్య రూపొందిన హనఫీ న్యాయస్మృతి ‘మజల్లా’ 1202వ నిబంధన వంటిల్లు, బావిగట్టు, ఇంటి ముంగిలి స్త్రీలు మసలే చోట్లని చెబుతుంది. అవి పొరుగింటి కిటికీలోంచి కనబడితే గోడో చెక్కతడికో అడ్డం కట్టాలి, కిటికీని పూర్తిగా మూసేయనక్కరలేదు. మన గేటు కెమెరాలో ఎదురింటి ముంగిలి పడుతుంటే దాన్ని కాస్త కిందికి తిప్పితే చాలు.

ఇప్పటికే హాల్లో కెమెరా ఉంటే భార్యతో మాట్లాడి వీధి తలుపు వైపు తిప్పండి. బిగించిన కుర్రవాడికి తెలిసిన పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చండి. పరదా లేకుండా తిరిగే ఆడవారి దృశ్యాలు నెల రోజుల దాకా ఆ డబ్బాలో ఉండవచ్చు, వాటిని చెరిపించండి.