సీతను జానకిగా మార్చాలంటే

అచ్చుకు సిద్ధమైన నవలలో కథానాయిక పేరు సీత కాదు, జానకి అని రచయిత్రి నిర్ణయించుకున్నారనుకుందాం. వర్డ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి, పై పెట్టెలో సీత, కింది పెట్టెలో జానకి టైపు చేసి ‘రీప్లేస్ ఆల్’ నొక్కితే క్షణంలో పని అయిపోతుంది. పుస్తకం పాడయ్యేదీ ఆ క్షణంలోనే. ఇన్ని చోట్ల మార్చానని సాఫ్ట్‌వేర్ ఒక అంకె చూపిస్తుంది. ఎక్కడెక్కడ మార్చిందో, మారిన మాట ఎలా తయారైందో చూపించదు. 2012లో ‘వార్ అండ్ పీస్’ ఇంగ్లిష్ ఈబుక్ ఒకటి ఇలాగే వార్తలకెక్కింది. నూక్ రీడర్ కోసం ఫైలు తయారుచేసినవాళ్లు పోటీ రీడర్ కిండిల్ పేరును నూక్‌గా మార్చేశారు. ఇంగ్లిష్‌లో కిండిల్ అంటే రాజేయడం కూడా. టాల్‌స్టాయ్ నవలలో ఏదైనా రాజుకున్న చోట నూక్ వచ్చి కూర్చుంది.

తెలుగులో చిక్కు ఇంకా లోతైనది. విభక్తులు పేరుకే అతుక్కుంటాయి కాబట్టి ‘హోల్ వర్డ్స్ ఓన్లీ’ గడిలో టిక్ పెడితే సీతకు, సీతతో, సీతవల్ల ఏవీ దొరకవు. టిక్ తీసేస్తే సీతాఫలం కూడా దొరుకుతుంది.

ముందు ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టాలి. ఫైలు ‘అను’ ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చుకుని, మార్పిడిలో దొర్లిన తప్పులు దిద్దుకోవాలి. ఆ ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉండేవి వేరే కోడ్‌లు. యూనికోడ్‌లో టైపు చేసిన సీత అక్కడ దొరకదు.

తర్వాత మార్చకుండా వెతకడమే. వర్డ్‌లో 2010 నుంచి కంట్రోల్ ఎఫ్ నొక్కితే పక్కన జాబితా వస్తుంది, దొరికిన సీతలు చుట్టుపక్కల మాటలతో సహా కనిపిస్తాయి. దీన్ని ఓపిగ్గా చదవాలి. మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. నాయిక ఏయే రూపాల్లో ఉందో, నాయిక కాని సీత ఎక్కడ ఉందో ఇక్కడే తెలుస్తుంది. రామాయణ ప్రస్తావన వచ్చిన చోటా, ‘సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి’ అన్న చోటా ‘సీ’ తీసి రెండు హాష్ గుర్తులు పెట్టాలి. నాయికను పిలిచే ‘సీతా!’లను, ‘సీతా వచ్చింది’ లాంటి వాటిని కూడా జానకీగా మార్చాక, మిగిలిన ‘సీతా’లన్నిటికీ అవే గుర్తులు పెట్టొచ్చు. సీతాఫలం, సీతాకోకచిలుక, సీతారామయ్య ఇక భద్రం.

ఇప్పుడు పొడవైన రూపాలతో మొదలుపెట్టి పొట్టి రూపాలకు రావాలి. సీతమ్మ జానకమ్మ అవుతుంది. సీతకు జానకికి, సీతను జానకిని అవుతాయి. ఇకారంతం కదా, కు, ను అక్కడ చెల్లవు. సీతకూ, సీతనూ కూడా జానకికీ, జానకినీ కావాలి. అయితే వీటికన్నా ముందే ‘సీతకుం’ను ‘జానకికుం’ చేయాలి. లేకపోతే ‘సీతకుంది’ కాస్తా ‘జానకికింది’ అవుతుంది, పాఠకుడు ‘జానకి కింద’ అని చదువుతాడు. అక్షరదోషాల తనిఖీకి కూడా చిక్కకపోవచ్చు ఈ తప్పు. ‘సీతనుంచి’కీ ఇదే జాగ్రత్త.

ఆపై సంధి రూపాలు: సీతెక్కడ, సీతొచ్చింది, సీతే, సీతైనా, సీతంటే. ఇవి జానకెక్కడ, జానకొచ్చింది, జానకే, జానకైనా, జానకంటే కావాలి. నేరుగా మారిస్తే వీటిలో చాలావాటిలో ‘కి’ పక్కన మరో గుణింతం గుర్తు దిక్కులేకుండా వేలాడుతుంది. గుణింతం మధ్యలో తుంచి వెతకడంలో అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేలా నడవవు కాబట్టి ఒక పేజీ మీద ముందు పరీక్షించుకోవాలి. రమేశ్ లాంటి పొల్లు పేర్లకు ప్రత్యయం చేరిన చోట, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని నాన్‌జాయినర్ ఒకటి ఉండొచ్చు. ‘రమేశ్‌కు’, ‘రమేశ్కు’ రెండూ విడిగా వెతకాలి.

మధ్యలో ఉన్నట్టుండి ఒక్కటీ దొరకడం లేదంటే పెట్టె అడుగున చూడాలి. ఇంతకుముందు బోల్డ్ అక్షరాల కోసం వెతికి ఉంటే ఆ షరతు అలాగే మిగిలిపోతుంది. ‘నో ఫార్మాటింగ్’ నొక్కితే పోతుంది. తెలుగుకు పనికిరాని ‘మ్యాచ్ కేస్’తో పాటు దీన్ని కూడా ‘మోర్’ వెనక దాచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చివరగా ఒట్టి సీత. ఇక్కడ ‘రీప్లేస్ ఆల్’ వద్దు. ‘ఫైండ్ నెక్స్ట్’, ‘రీప్లేస్’ ఒక్కొక్కటిగా. పూర్తయ్యాక హాష్ గుర్తుల జంటను ‘సీ’గా తిరిగి మార్చి, జానకికు, జానకిను, జానకికింది కోసం వెతకాలి. జానకికుంది, జానకినుంచి లాంటి సరైన రూపాలు తప్ప ఏదీ దొరక్కూడదు.

ఈ శ్రమలో సగం సాఫ్ట్‌వేర్ మోయగలదు. ప్రోగ్రామర్లు వాడే విజువల్ స్టూడియో కోడ్ మార్చబోయే ప్రతి చోటునూ పాత రూపం, కొత్త రూపం పక్కపక్కన పెట్టి ముందే చూపిస్తుంది, అక్కర్లేనివి తీసేయనిస్తుంది. నవల రాసేవాళ్లకూ, దిద్దేవాళ్లకూ ఆ జాబితా ఇవ్వాలి, ‘రీప్లేస్ ఆల్’ నొక్కగానే, ఒక్క అక్షరం కూడా మారకముందే.