మందు చల్లుటకు ముందు ఆకు త్రిప్పి చూడుడు

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల చెలకలలో పత్తి పూతకు వచ్చు భాద్రపదమున, లేజివుళ్ళకు పేనుబంక పట్టి ఆకులు ముడుచుకొని తియ్యని జిగట కారుచుండగా చూచిన రైతు మందునకై పరుగిడుట సహజమే యైనను, ముందుగా ఆ ఆకునే త్రిప్పి అడుగుభాగమును పరిశీలింపవలెను. అచ్చట పసుపుపచ్చని కోలగ్రుడ్లు పది మొదలు ముప్పది వరకు నిలువుగా నిలిచి గుంపుగూడియున్నచో అవి పేనుబంకను తిను అక్షింతల పురుగువి; మూడు నాలుగు దినములలో నల్లబడి పొదుగును.

చుక్కల రెక్కల తల్లిని ఎల్లరు నెరుగుదురు గాని పిల్లను ఎరిగినవారు అరుదు. నల్లనై, పొడవై, తోకవైపు సన్నగిలి, వీపున నారింజవన్నె మచ్చలతో, ఆరుకాళ్ళపై చురుకుగా తిరుగు ఆ చిన్ని మొసలివంటి జీవమే దినమునకు పదులకొలది పేనుబంకను భక్షించుచుండగా, దానినే శత్రువని భ్రమించి నలిపివేయుట ఎంతయు శోచనీయము. ఆకునకు తోక అంటించుకొని కదలక యుండునది దాని కోశస్థ దశ, దానిని గిల్లివేయరాదు. సన్నని దారపు కొనపై ఒంటిగా నిలిచిన గ్రుడ్డు అల్లికరెక్కల పురుగుది, అదియు మిత్రమే.

వంగతోటలో మాత్రము జాగరూకత వేరు. అచ్చటి ఎపిలాక్నా అను ఆకుతిను పురుగును అదే కుటుంబమునకు చెందినదై, అక్షింతల పురుగనియే వ్యవహరింపబడుచున్నది. దాని గ్రుడ్లును పసుపుపచ్చనివే గాని ఎడమెడముగ నుండును. పిల్ల లేతపసుపు వన్నెది, ఒడలెల్ల కొమ్మలుదేరిన ముండ్లు, మందగమనము. పచ్చదనమును గోకి తిని ఈనెలను మాత్రమే మిగుల్చును. పెద్దపురుగు రెక్కలపై నునుపుండక, సన్నని నూగుండును. అట్టి ఆకులను కోసి నాశనము చేయవలసినదే.

నల్లగొండ బత్తాయి, బాలానగరు సీతాఫలము పండించువారికి మరియొక చిక్కు కలదు. 1898లో ఆస్ట్రేలియా నుండి మన దేశమునకు తెప్పింపబడిన క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు పిల్ల, తెల్లని మైనపు పోగులు కప్పుకొని, తాను తిను పిండినల్లినే పోలియుండును. పుల్లతో తాకి చూడుడు: పిండినల్లి కదలీ కదలక యుండును, పిల్ల వడిగా ప్రాకును, పరిమాణమునను మిక్కిలి పెద్దది.

హానికర పురుగులు రెండింటికి మిత్రపురుగు ఒకటి చొప్పున నున్నంతవరకు పిచికారి నాపి, మూడు నాలుగు దినములకు అవే మొక్కలను మరల చూడుడు. పేనుబంకయే హెచ్చుచున్నచో మొదట 5 శాతము వేపగింజల కషాయమునే వాడుడు.