మాటలేని తెర

మదనపల్లెకు సమీపాన, కురబలకోట మండలంలో, కొండల నడుమ రిషీవ్యాలీ విద్యాలయం ఉంది. 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలనుండి రూపుదిద్దుకొన్న సంస్థ అది. చెట్టును చూడగానే మనసులో దాని పేరు మెదలుతుంది. పేరు మెదలగానే చూడడం ఆగిపోతుంది. ఈ విషయాన్ని ఆయన తన ప్రసంగాలలో పలుమార్లు ప్రస్తావించాడు. ఆయన పుట్టిన ఏడాదే డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు తమ చలనచిత్రాలను ప్రజలకు ప్రదర్శించారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా ప్రకృతిని చూపే మూకీ చిత్రాల ఎదుట కూర్చున్న ప్రేక్షకునికి కృష్ణమూర్తి ప్రశ్నే ఎదురవుతుంది.

లూమియేర్ ప్రదర్శించిన చిత్రాలలో ఒకదానిలో తల్లిదండ్రులు తమ బిడ్డకు అన్నం తినిపిస్తుంటారు. నాటి ప్రేక్షకులను అబ్బురపరచింది ఆ బిడ్డ కాదు, వెనుక గాలికి కదలుతున్న చెట్ల ఆకులు! నాటకశాలలో రంగులద్దిన తెరమీది చెట్టు ఏనాడూ కదలి ఎరుగదు. రోజూ తమ ఇంటి ముంగిట కదిలే ఆకులనే వారు తొలిసారి చూచినట్లు చూచారు. 1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో జరిగిన ప్రదర్శనలో సముద్రస్నాన దృశ్యం కూడ ఉంది.

ఆ విస్మయం ఎక్కువ కాలం నిలువలేదు. కథ వచ్చింది, పిదప మాట వచ్చింది. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర పలుకనేర్చింది. ప్రకృతి క్రమంగా పాటకు వెనుక పరదాగా మారింది.

కొందరు ప్రయోగశీలురు మాత్రం ప్రకృతినే కథానాయకుని స్థానంలో నిలిపారు. హాలండు దర్శకుడు యోరిస్ ఈవెన్స్, మానుస్ ఫ్రాంకెన్ కలసి 1929లో ‘వర్షం’ అనే మూకీ చిత్రాన్ని నిర్మించారు. కొన్ని నెలలపాటు కురిసిన వేర్వేరు వానలను కూర్చి, ఆమ్‌స్టర్‌డామ్‌పై కురిసిన ఒకే వానగా మలిచారు. కాలువ నీటిపై చినుకులు, విచ్చుకొనే గొడుగులు, తడిసిన వీధులు. అంతకు మించి అందులో కథ లేదు. సుమారు పన్నెండు నిమిషాల ఆ నిశ్శబ్దం కూడ కొందరికి వెలితిగా తోచింది కాబోలు, తరువాత దానికి సంగీతం సమకూర్చారు. 1941లో హాన్స్ ఐస్లర్ కూర్చిన సంగీతం వాటిలో ఒకటి.

ఆ చిత్రాన్నే కురబలకోట మెట్టభూములలో వేరుసెనగ విత్తి, మబ్బులవంక చూచే రైతు చూచినాడనుకొందాం. ఆమ్‌స్టర్‌డామ్ వాసికి గొడుగును గుర్తుచేసే చినుకు అతనికి పంటను, చెరువును, అప్పును గుర్తుచేస్తుంది. తెరపై మాట లేనందువలన అతని తలపులకు అడ్డు లేదు. ఎవరి వాన వారిదే.

తొలకరి రాత్రి దీపం చుట్టూ ఉసిళ్లు ముసరి రాలిపోవడం పల్లెలో అందరూ ఎరిగిన దృశ్యమే. అమెరికా దర్శకుడు స్టాన్ బ్రాకేజ్ దీపాలకడ పడి చచ్చిన చిమ్మటల రెక్కలను, ఆకులను, గడ్డిపరకలను ఏరి, రెండు పారదర్శకమైన పట్టీల నడుమ అతికించి, కెమెరా లేకుండానే 1963లో ‘మాత్‌లైట్’ అనే చిత్రాన్ని రూపొందించాడు. నాలుగు నిమిషాలైనా లేని ఈ చిత్రంలో శబ్దమనేది లేదు. ఇటువంటి చిత్రం ముందు మొదట కలిగేది విసుగే. “ఇందులో ఏముంది?” అని పక్కవారిని అడగాలనిపిస్తుంది. ఎవరో దగ్గితే ఆ దగ్గే పెద్దగా వినిపిస్తుంది. చచ్చిన రెక్కలు మరల ఎగిరాయని ఒకరు మురిసిపోవచ్చు. ఇది చావును చూపి చేసిన వేడుకయని మరొకరు నొచ్చుకోవచ్చు. ఇరువురినీ కాదనలేము. కాని మాటలు పుట్టేది చిత్రం ముగిసిన తరువాతనే. తెరపై రెక్కలు క్షణమైనా నిలువవు. ఇది రెక్క, ఇది ఆకు అని పేరు పెట్టబోయేలోపే అది దాటిపోతుంది, వేరొకటి వస్తుంది. పేరు వెనుకబడిపోయి, కన్ను మాత్రమే ముందుకు సాగుతుంది.