చూపు లేనివారికి చేతిపట్టీ: విడిభాగాలు కొనేముందు

ఎదురుగా ఉన్న అడ్డును ముందే గమనించి, సెల్‌ఫోన్ వైబ్రేషన్‌లా అదిరి హెచ్చరించే పరికరాలు చూపు లేనివారికి ఎంతో మేలు చేస్తాయి. 2014లో విడుదలైన ఐఐటీ ఢిల్లీ వారి స్మార్ట్‌కేన్ చేతికర్రకు అమర్చుకునేది. ఇదే పద్ధతిలో చేతికి కట్టుకునే పట్టీని కొందరు విద్యార్థులు ఇంట్లోనే తయారు చేస్తున్నారు.

షుగరు వ్యాధితో చూపు పోయిన ఒక పెద్దావిడకు ఆమె మనవడు అలాంటి పట్టీ చేసి, మణికట్టుకు కట్టి మా వద్దకు తీసుకువచ్చాడు. గోడ దగ్గరపడినా ఆమె ఆగలేదు. మోటారు అదురుతూనే ఉంది, ఆమెకే తెలియలేదు. షుగరు కంటితోపాటు నరాలనూ దెబ్బతీస్తుంది. ముందు పాదాల్లో, తరువాత చేతుల్లో స్పర్శ తగ్గుతుంది. పట్టీని మోచేతి పైన కట్టి చూశాం. "ఇప్పుడు తెలుస్తోంది నాయనా" అన్నారు.

అందుకే కొనేముందు స్పర్శ పరీక్షించండి. సెల్‌ఫోన్‌ను మణికట్టుకు, తరువాత పై చేతికి ఆనించి అడగండి. మధ్యలో వైబ్రేషన్ ఆపి కూడా ఆనించండి. అప్పుడు ఊహించి చెబుతున్నారేమో తెలుస్తుంది.

సెన్సర్: హెచ్‌సి-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ చవకైనది. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల వరకు కొలుస్తుంది. మీటరు దూరంలోని గోడకు తగిలిన శబ్దం సుమారు 6 మిల్లీసెకన్లలో తిరిగి వస్తుంది. గాజు తలుపునూ పసిగడుతుంది. మందపాటి దుప్పటి వంటివి మాత్రం శబ్దాన్ని పీల్చేస్తాయి. లేజర్ సెన్సర్ చిన్నదే కాని గాజును గుర్తించక పోవచ్చు, ఎండలో దాని దూరం తగ్గుతుంది.

మోటారు: నాణెం ఆకారపు 3 వోల్టుల మోటారు చాలు. దీన్ని కంట్రోలర్ పిన్నుకు నేరుగా కలపరాదు. అంత కరెంటు పిన్ను ఇవ్వలేదు, పాడైపోతుంది. మధ్యలో ట్రాన్సిస్టర్, మోటారుకు అడ్డంగా డయోడ్ పెట్టాలి.

బ్యాటరీ: రక్షణ సర్క్యూట్ ఉన్న లిథియం బ్యాటరీనే తీసుకోండి. చర్మానికి నేరుగా తగలనివ్వకండి. స్పర్శ తగ్గినవారికి వేడి కూడా తెలియదు, కాలినా గమనించరు. చార్జింగ్ చేసేటప్పుడు పట్టీ తీసివేయండి. ఉబ్బిన బ్యాటరీ వాడవద్దు.

రోజూ సాయంత్రం పట్టీ విప్పి, చర్మం ఎర్రబడిందేమో ఇంట్లోవారు చూడాలి.

చివరగా ఒక మాట. ఎదురుగా చూసే ఈ పట్టీకి గుంత, దిగే మెట్లు తెలియవు. కాబట్టి పట్టీ ఉన్నా తెల్లకర్రను వదలకూడదు.