సుగ్గికి పోయే ముందు పేరు ఎక్కించుకోండి

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయేవాళ్లకు ఉగాది అంటే ఇల్లు చేరే గడువు. మిరప కోతలు ముగించుకుని, మేస్త్రీతో లెక్క తేల్చుకుని, పిల్లలకు బట్టలు కొనుక్కుని తిరిగొచ్చే పండగ అది. ఆ ఏడు చాలామంది గుంటూరు జిల్లా చేల దగ్గర, మిరప కల్లాల పక్కన పట్టల కిందే ఉండిపోయారు. బస్సుల్లేవు. పని లేని రోజుకు కూలీ లేదు. బియ్యం కార్డేమో ఊళ్లో ఉంది.

అదే నెల మన ఆంధ్ర రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగులకూ సగం జీతమే వచ్చింది. వాళ్లకు కష్టం లేదని నేననను. కానీ మిగతా సగం బాకీగా నిలిచింది, కోర్టు దాకా వెళ్లింది, వడ్డీతో సహా చెల్లించాలన్న తీర్పూ వచ్చింది. జీతాల రిజిస్టరులో పేరుంది కాబట్టే అది సాధ్యమైంది. కల్లంలో నెల పోగొట్టుకున్న కూలీకి ఎవరు ఎంత బాకీ? ఎక్కడా రాసి లేదు. లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్కలు తమ దగ్గర లేవని 2020 సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది.

కరోనా మళ్లీ వస్తుందా రాదా అన్న చర్చ డాక్టర్లకు వదిలేద్దాం. కరువో వరదో యుద్ధమో, పని ఉన్నట్టుండి ఆగిపోయే రోజు మాత్రం మళ్లీ వస్తుంది. ఆ రోజు సాయం అందేది అంతకుముందే జాబితాలో ఉన్నవాళ్లకే. 2020 ఏప్రిల్ నుంచి మూడు నెలలు నెలకు 500 రూపాయలు పడింది జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు. పక్క బ్యాంకులో మామూలు ఖాతా ఉన్న ఆమెకు పడలేదు. ఆమె అంతకంటే పేదరాలైనా సరే. ఇది న్యాయమా అంటే కాదు. అయినా రేపూ ఇలాగే జరుగుతుంది కాబట్టి మన జాగ్రత్త మనం పడాలి.

ముందు బియ్యం సంగతి. ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే వీలు మనకూ తెలంగాణకూ మధ్య 2019 ఆగస్టులోనే మొదలైంది. 2020 జనవరి 1 నాటికి కర్ణాటక కూడా చేరింది. అంటే బెంగళూరులో ఇళ్ల పనికి పోయిన ఆదోని కుటుంబానికి లాక్‌డౌన్ నాటికే అక్కడి డిపోలో బియ్యం అడిగే హక్కుంది. ఆ సంగతి చెప్పినవాళ్లే లేరు. ఇందులో ఒక మెలిక ఉంది. వేరే రాష్ట్రంలో చెల్లేది కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డే. మన దగ్గర రాష్ట్రం తన ఖర్చుతో నడిపే కార్డులూ ఉన్నాయి, చూడటానికి రెండూ ఒకటే. మీది ఏదో డీలరునో సచివాలయంలోనో అడిగి తెలుసుకోండి. ఇంట్లో అందరికీ ఈకేవైసీ అయిందా చూడండి. వెళ్లిన చోట మొదటి నెలలోనే ఒకసారి వేలిముద్ర వేసి చూడండి. ఆకలి మీదున్నప్పుడు మిషను వేలు గుర్తుపట్టకపోతే చేసేదేమీ ఉండదు.

ఇళ్ల పని, రోడ్ల పని చేసేవాళ్లు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో చేరాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజుల పని ఉంటే చాలు. కట్టడం విలువలో ఒక శాతం సెస్సుగా వసూలయ్యేది మీ కోసమే. 2020 మార్చిలో ఆ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కార్డు లేనివాడికీ, ఉన్నా రెన్యువల్ మరిచినవాడికీ దానితో పని లేకపోయింది. పొలం కూలీలకు ఈ బోర్డు వర్తించదు. వాళ్లకు 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ ఉంది. చేరినంత మాత్రాన డబ్బేమీ రాదు, ఆశ పెట్టుకోకండి. ఎవరెక్కడ ఏ పని చేస్తున్నారో తెలిపే జాబితా అది, అంతే. ఆ జాబితా లేకనే కదా 2020లో లెక్క చెప్పలేకపోయారు! 16 నుంచి 59 ఏళ్ల లోపువాళ్లు, పీఎఫ్, ఈఎస్‌ఐ లేనివాళ్లు ఉచితంగా చేరొచ్చు. అనుమానముంటే 14434కు ఫోన్ చేయండి.

మేస్త్రీ దగ్గర బయానా తీసుకునేటప్పుడు నోటి మాటతో సరిపెట్టుకోవద్దు. రైతు పేరు, ఊరు, కిలోకు కూలీ ఎంత, పని ఆగిపోతే తిండి ఎవరు పెట్టాలి, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించి ఫోన్లో ఫొటో తీసుకోండి. మేస్త్రీ మనవాడే, మంచివాడే కావచ్చు. రాసుకుంటే రేపు రైతు దగ్గర అతనికీ ఆ కాగితమే అక్కరకొస్తుంది.

ఇక కడప వైపు. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరుల నుంచి కువైట్ పోయినవాళ్ల తిప్పలు వేరు. సెలవుకొచ్చి ఇక్కడే చిక్కుకున్నవాళ్లకు 2021లో అఖామా (అక్కడి నివాస పర్మిట్) ఎంత ముఖ్యమో టీకా కాగితమూ అంతే ముఖ్యమైంది. 18 ఏళ్లు దాటినవాళ్లకు టీకా మే 1న తెరిచారు గానీ సరుకు లేదు. మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు 12 నుంచి 16 వారాలకు పెంచారు. విదేశీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు 28 రోజులకే రెండో డోసు వేయించుకోవచ్చని జూన్ 7న మినహాయింపు వచ్చింది. పాస్‌పోర్టు, ఉద్యోగం కాగితాలు చూపాలి, సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు ఎక్కాలి. ఈ మాట తెలిసినవాళ్లు ముందు విమానం ఎక్కారు.

ఆగస్టు 1 నుంచి రెండు డోసులు పూర్తయిన నివాసులను కువైట్ రానిచ్చింది. దాని జాబితాలో ఆస్ట్రాజెనెకా ఉంది, అంటే మన కోవిషీల్డ్. కోవాగ్జిన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చింది నవంబరు 3న. హైదరాబాదులో తయారైన ఆ టీకా పనిచేయదని దీనర్థం కాదు. ఆసుపత్రిలో ఆ రోజు ఏది ఉంటే అది వేయించుకున్నవాడి తప్పూ కాదు. కానీ వీసా ఇచ్చే దేశం జాబితాయే చివరి మాట. టీకా అయినా, మెడికల్ అయినా, అటెస్టేషన్ అయినా ముందు ఆ దేశం ఏది ఒప్పుకుంటుందో చూసుకుని తర్వాత డబ్బు కట్టండి. ఏజెంటు మాట, పక్కింటాయన అనుభవం ఆ జాబితాకు సాటిరావు.

పేరు గొడవ ఇంకోటి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఆధార్‌తో వేసిన టీకా సర్టిఫికెట్‌లో ఆ పొడి అక్షరమే వచ్చేది. టీకా నమోదు వెబ్‌సైటు కోవిన్‌లో పేరు దిద్దుకునే అవకాశం ఒక్కసారే ఇచ్చారు. ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా మూడింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు ఇక్కడున్నప్పుడే సరిచేసుకోండి. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా, విజిట్ వీసా మీద అస్సలు వెళ్లొద్దు. క్లియరెన్స్‌తో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి.

పుకార్ల వల్ల కూడా కూలీ పోతుంది. కర్నూలులో పుట్టిందంటూ ఎన్440కె అనే కరోనా రకం ఎన్నో రెట్లు ప్రమాదమని 2021 మేలో టీవీలు హోరెత్తించాయి. అది కొత్తదీ కాదు, అప్పటికే తగ్గిపోతోందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు. ఈలోపే ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు ఢిల్లీ 14 రోజుల క్వారంటైన్ పెట్టేసింది. అదే నెల కర్నూలు దాటగానే ఉన్న పుల్లూరు దగ్గర, హైదరాబాదు ఆసుపత్రులకు పోయే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. మే 14న తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చాక దారి తెరుచుకుంది. ఆసుపత్రి ముందే ఒప్పుకున్న కాగితం చూపమని అడిగారక్కడ. పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరున్నవాళ్లకు ఆ కాగితం ఫోన్లో వచ్చేది. మిగతావాళ్లు రోడ్డు మీదే ఆగారు. రోగిని రాష్ట్రం దాటించాల్సి వస్తే బయలుదేరక ముందే ఆ ఆసుపత్రితో మాట్లాడి, మంచం ఉందని మెసేజీ రాయించుకోండి.

చావు కబురు మాట్లాడటం ఎవరికీ ఇష్టముండదు గానీ తప్పదు. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయాన్ని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఖాయం చేసింది. పరీక్ష చేయించకుండా ఇంట్లోనే పోయినవాళ్ల కుటుంబాలు కోవిడ్‌తోనే పోయారని చూపలేక తిరిగి తిరిగి విసిగాయి. జ్వరానికి వెళ్లినా పరీక్ష రిపోర్టు పారేయొద్దు. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు కట్ అయ్యే జీవనజ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా రెండూ పెట్టించండి. మొదటిది ఏ కారణంతో పోయినా 2 లక్షలు ఇస్తుంది, కరోనా చావులకూ వర్తించింది. పీఎఫ్ ఉన్నవాళ్లు నామినీ పేరు ఆన్‌లైన్లో ఎక్కించాలి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో పాటు ఉండే బీమా కింద 7 లక్షల దాకా వస్తుంది. పెళ్లికి ముందు రాసిన నామినీ అలాగే ఉంటే భార్య ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

చదువుకున్న పిల్లలకు ఒక మాట. ఇవన్నీ ఫోన్లో గంట పని మీకు. మీ వీధిలో సుగ్గికి పోయే కుటుంబాలు ఏవో మీకు తెలుసు. దసరా సెలవుల్లో ఒక్కో ఇంటి గడప మీద కూర్చుని, కార్డులు ముందు పెట్టుకుని, ఆ పేర్లు ఎక్కించి రండి.