పాత మారుతి 800లో ఇంజిన్ ఆయిల్ లీకు: కనిపెట్టి ఆపడం ఎలా?

కారు తీసిన చోట నేల మీద నల్లటి మరక కనిపిస్తే చాలామంది ‘చాంబర్ ప్యాకింగ్ పోయింది’ అనేస్తారు. కానీ పాత కార్లలో చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద వేలాడే చుక్క తరచుగా పైనుంచి జారి వచ్చిందే. పెంకుటిల్లు కురిసేటప్పుడు నీళ్లు పడే చోటు ఒకటి, పెంకు పగిలిన చోటు మరొకటి అయినట్టే ఇదీ. కాబట్టి మనం ముందు శుభ్రం చేద్దాం, తర్వాత పైనుంచి కిందికి వెతుకుదాం, అన్నిటికంటే ఎత్తున ఉన్న లీకును మొదట ఆపుదాం.

ఉదాహరణకు కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతి 800ని తీసుకుందాం. 1983లో రోడ్డెక్కి 2014లో తయారీ ఆగిపోయిన ఈ కారుకు 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. అమరిక సులువుగా అర్థమవుతుంది కాబట్టి పని నేర్చుకోవడానికి మంచి కారు.

కావలసినవి

- పానాల సెట్టు, చిన్న రాచెట్, 10 నంబర్ సాకెట్
- ఇంజిన్ డీగ్రీసర్, పాత టూత్ బ్రష్, పీచు రాలని బనియన్ గుడ్డలు
- టార్చి, చిన్న అద్దం, పెద్ద అట్టముక్క, టాల్కం పౌడర్
- ప్లాస్టిక్ స్క్రేపర్, రబ్బరు సుత్తి, చేతి గ్లవ్స్
- మీ మోడల్‌కు సరిపోయే టాపెట్ కవర్ (ఇంజిన్ పైభాగాన్ని మూసే మూత) గాస్కెట్, దాని బోల్టుల కింద ఉండే రబ్బరు వాషర్లు
- వేడిని తట్టుకునే గాస్కెట్ సిలికాన్, చిన్న ట్యూబు

విడిభాగాలు కొనడానికి వెళ్లేటప్పుడు కారు ఏ సంవత్సరం మోడలో రాసుకుని వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల షాపువాళ్లు మొదట అడిగేది అదే. గాస్కెట్ ఇప్పుడే కొనకండి. లీకు ఎక్కడో తేలాకే కొందాం.

మొదలుపెట్టే ముందు

కారును చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరవద్దు. ఈ పనిలో చాలాభాగం పైనుంచే అవుతుంది. తప్పనిసరిగా కిందికి వెళ్లాలంటే స్టాండ్లు ఉండాలి.

మొదటి భాగం: లీకు ఎక్కడో కనిపెడదాం

1. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరవండి. పొద్దున చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూద్దాం. జారుడుగా, గోధుమ లేదా నలుపు రంగులో ఉంటే ఇంజిన్ ఆయిల్. ఘాటైన గంధకం వాసనతో చిక్కగా ఉంటే గేర్ ఆయిల్ కావచ్చు. పచ్చగానో ఎర్రగానో నీళ్లలా ఉంటే కూలెంట్. చక్రాల దగ్గర పల్చటి తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అని అనుమానించి, కారు నడపకుండా మెకానిక్‌ని పిలవండి.

2. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ కింది గీత కంటే తక్కువుంటే ముందు కొద్దికొద్దిగా పోసి, రెండు గీతల మధ్యకు తీసుకువద్దాం. పై గీత దాటనివ్వకండి.

3. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, కార్బ్యురేటర్ నోటికి ప్లాస్టిక్ కవర్లు కట్టండి. చల్లటి ఇంజిన్ మీద డీగ్రీసర్ కొట్టి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడుద్దాం. వాటర్ సర్వీసింగ్ పైపుతో కొట్టించకండి. డిస్ట్రిబ్యూటర్‌లోకి నీళ్లు వెళితే బండి స్టార్ట్ కాదు.

4. అంతా బాగా ఆరాక, అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. బెల్టు, ఫ్యాను వైపు వద్దు. కట్టిన కవర్లన్నీ విప్పి, బ్యాటరీ తీగ బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కనిద్దాం. గుడ్డలు, జుట్టు, చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి.

5. ఇంజిన్ ఆపి, చల్లారాక టార్చితో చూద్దాం. తెల్లటి పౌడర్ మీద కొత్త ఆయిల్ ముదురు గీతలా కనిపిస్తుంది. ఏమీ కనిపించకపోతే ఒకటి రెండు రోజులు మామూలుగా నడిపి మళ్లీ చూడండి. వెతికే వరుస ఇది: ఆయిల్ పోసే మూత, టాపెట్ కవర్ అంచు, డిస్ట్రిబ్యూటర్ అడుగుభాగం, మెకానికల్ పెట్రోల్ పంపు అతుకు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్, చివరగా చాంబర్, డ్రెయిన్ నట్టు. కంటికి అందని చోట అద్దం వాడండి. తడి ఎక్కడ మొదలైందో, అంటే దాని పైన పొడిగా ఉన్న చోటు ఎక్కడో, అదే మనకు కావాలి.

6. గాస్కెట్ కొనే ముందు బ్రీదర్ గొట్టం చూద్దాం. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్లే ఈ గొట్టం జిడ్డుతో మూసుకుపోతే, ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను అతుకుల్లోంచి బయటికి నెడుతుంది. గొట్టం ఊడదీసి ఊది చూడండి. మూసుకుపోతే కడగండి, పగిలితే మార్చండి. ఈ మెట్టు దాటేస్తే కొత్త గాస్కెట్ కూడా త్వరలోనే కారుతుంది.

రెండో భాగం: టాపెట్ కవర్ గాస్కెట్ మారుద్దాం

తడి కవర్ అంచునే మొదలైందని తేలితే ఈ పని మనమే చేసుకోవచ్చు.

7. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ మళ్లీ విప్పి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, అడ్డొచ్చే గొట్టాలు తీద్దాం. ప్రతి గొట్టం తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. కార్బ్యురేటర్ నోట్లో బోల్టులు పడకుండా శుభ్రమైన గుడ్డ కప్పండి.

8. కవర్ బోల్టులు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వదులు చేసి తీయండి. కవర్ అతుక్కుపోతే పక్కనుంచి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. అంచులో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపొద్దు.

9. పాత గాస్కెట్ ముక్కలు, పాత సిలికాన్ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. హెడ్ అల్యూమినియం కాబట్టి ఇనుప బ్లేడుతో పడిన గీతే రేపటి లీకు అవుతుంది. ముక్కలు వాల్వుల వైపు పడకుండా గుడ్డ అడ్డం పెట్టి, పనయ్యాక ఆ గుడ్డ మరిచిపోకుండా తీయండి.

10. రెండు అంచులనూ జిడ్డు లేకుండా తుడిచి ఆరబెడదాం. కవర్‌ను అద్దంలాంటి చదును మీద బోర్లించి చూడండి. అంచు వంగి ఉంటే గాస్కెట్ ఎంత మంచిదైనా ఆగదు.

11. కొత్త గాస్కెట్‌ను కవర్ గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టండి. రెండు లోహపు భాగాలు కలిసే మూలల్లో మాత్రమే చిన్న చుక్క సిలికాన్ పెడదాం.

12. కవర్ నిటారుగా దించి, కొత్త రబ్బరు వాషర్లతో బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పండి. తర్వాత మధ్యవాటితో మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో బిగిద్దాం. టార్క్ రెంచ్ ఉంటే సర్వీస్ మాన్యువల్ కొలత పాటించండి. లేకపోతే రాచెట్‌ను మెడ దగ్గర పట్టుకుని, రబ్బరు నొక్కుకుని ఆగినంతవరకే తిప్పండి.

13. సిలికాన్ ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చి, కార్బ్యురేటర్ మీద కప్పిన గుడ్డ తీసి, ఫొటోలు చూస్తూ గొట్టాలు, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ తీగ బిగించి స్టార్ట్ చేయండి. ఆయిల్ ప్రెషర్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపండి. పాత జిడ్డు సైలెన్సర్ గొట్టం మీద పడి ఉంటే మొదట కొద్దిగా పొగ రావచ్చు. అది ఆగకుండా పెరిగితే ఇంజిన్ ఆపి మళ్లీ చూద్దాం.

తరచుగా జరిగే పొరపాట్లు

- కారడం ఆగలేదని బోల్టు ఇంకా బిగించడం: గాస్కెట్ బయటికి పిండుకుపోతుంది, కవర్ వంగుతుంది, మర కూడా చెడుతుంది.
- అంచంతా సిలికాన్ పూయడం: లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడతాయి.
- ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండటం గమనించకపోవడం: రెండు రింగులు కలిస్తే ఆయిల్ ధారగా పోతుంది.
- డ్రెయిన్ నట్టుకు పాత వాషరే మళ్లీ వేయడం.
- పాత ఆయిల్‌ను కాలువలో పోయడం: డబ్బాలో పట్టి, దాన్ని సేకరించే గ్యారేజీకి ఇవ్వండి.

మెకానిక్‌కి అప్పగించాల్సినవి

టైమింగ్ బెల్టు కవర్ కిందనుంచి ఆయిల్ వస్తుంటే క్యామ్ లేదా క్రాంక్ ఆయిల్ సీల్ పోయి ఉండవచ్చు. దానికి బెల్టు విప్పాలి, మళ్లీ టైమింగ్ గుర్తులు కలపాలి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కారుతుంటే వెనక క్రాంక్ సీల్ కావచ్చు. దానికి గేర్‌బాక్స్ దించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బలంగా ఎగదన్నుతుంటే, బ్రీదర్ కూడా శుభ్రంగానే ఉంటే, పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. ఇవి మొదటిసారి చేసేవాళ్ల పనులు కావు.

పని ముగిశాక

ఆ రాత్రి కొత్త అట్టముక్క పరవండి, ఓ వారం నడిపాక మళ్లీ పరవండి. చుక్క ఇంకా పడుతుంటే నిరాశ వద్దు. పాత కారులో ఒకటికి మించి లీకులు ఉండటం మామూలే. పైది ఆగింది కాబట్టి ఇప్పుడు రెండోది స్పష్టంగా కనిపిస్తుంది. మళ్లీ తుడిచి, అదే వరుసలో వెతుకుదాం. అట్ట పొడిగా ఉన్నా వారానికోసారి డిప్‌స్టిక్ చూసి తేదీతో రాసుకోండి. రెండు గీతల మధ్య ఆయిల్ కదలకుండా నిలిచినట్టు ఆ లెక్కలో కనిపిస్తేనే పని పూర్తయినట్టు.